పడుకోగానే కాళ్లలో ఏదో పాకుతున్నట్టు ఉంటోంది... ఫెరిటిన్ ‘నార్మల్’ అంటున్నారు, ఏం చేయాలి?

ప్రశ్న: నా వయసు 44. మూడేళ్లుగా రాత్రి మంచం మీద వాలగానే రెండు పిక్కల లోపల ఏదో పాకుతున్నట్టు, లోపలి నుంచి పీకుతున్నట్టు ఉంటోంది. నొప్పి అనలేను గానీ కాళ్లు కదపకుండా ఉండలేను. లేచి గదిలో నాలుగడుగులు వేస్తే పోతుంది, మళ్లీ పడుకుంటే మొదలు. రాత్రి ఒంటిగంట, రెండింటి దాకా ఇదే తంతు. నిద్ర పట్టాక కూడా కాళ్లతో తంతున్నానని మావారు అంటున్నారు. మా అమ్మకీ ఇలాగే ఉండేది. డాప్లర్ స్కాన్‌లో రక్తనాళాలు బాగానే ఉన్నాయన్నారు. క్యాల్షియం, బి12 మాత్రలు వాడాను, తేడా లేదు. హిమోగ్లోబిన్ 12.2, ఫెరిటిన్ 19. రెండూ నార్మలే అని రిపోర్టులో ఉంది. టెన్షన్ వల్లే ఇదంతా అని చెబుతున్నారు. నిద్ర కోసం ఈమధ్య మత్తు వచ్చే జలుబు మాత్ర వేసుకుంటున్నాను. ఇదే సమస్య ఉన్న బంధువు ఒకరు ప్రమిపెక్సోల్ వాడుతున్నారు. నేనూ వాడొచ్చా?
– ఒక పాఠకురాలు

జవాబు: మీరు రాసినదాంట్లో రెండు విషయాల దగ్గర నేను ఆగిపోయాను. ఒకటి ఫెరిటిన్, అంటే ఒంట్లో ఐరన్ నిల్వ, 19 ఉండటం. రెండోది ఆ జలుబు మాత్ర. మొదటిదానికి వైద్యం చేయించుకుని, రెండోదాన్ని మానేస్తే మీ బాధ చాలావరకు తగ్గే అవకాశం ఉంది. ప్రమిపెక్సోల్ ఆలోచన ప్రస్తుతానికి పక్కన పెట్టండి, ఎందుకో కింద చెబుతాను.

మీ లక్షణాలు రెస్ట్‌లెస్ లెగ్స్ సిండ్రోమ్‌కు అచ్చంగా సరిపోతున్నాయి. దీన్ని తేల్చే స్కాన్ గానీ రక్తపరీక్ష గానీ లేదు. కాళ్లు కదపాలన్న ఆపుకోలేని కోరిక ఉండాలి, కూర్చున్నా పడుకున్నా అది పెరగాలి, నడిస్తే తగ్గాలి, పగటికంటే సాయంత్రం, రాత్రి ఎక్కువ కావాలి, ఇదంతా వేరే జబ్బు వల్ల వచ్చినది కాకూడదు. ఈ ఐదూ కలిస్తే జబ్బు నిర్ధారణ అయినట్టే. మొదటి నాలుగూ మీరే రాశారు. ఐదోది డాక్టర్ మిమ్మల్ని పరీక్షించి తేల్చాలి.

పిక్క పట్టేయడం వేరు. అప్పుడు కండరం ఒక్కసారిగా గట్టిపడి, చేత్తో తడిమితే ముద్దలా తగులుతుంది, ప్రాణం పోయేంత నొప్పి ఉంటుంది. షుగర్ వల్ల నరాలు దెబ్బతింటే అరికాళ్లలో మంట, తిమ్మిరి పగలూ రాత్రీ ఉంటాయి, నాలుగడుగులు వేసినంత మాత్రాన పోవు. రక్తప్రసరణ తగ్గినవాళ్లకు నడిస్తేనే పిక్కలు నొప్పి పెడతాయి, ఆగితే తగ్గుతుంది. అంటే మీకు సరిగ్గా తిరగబడ్డ వ్యవహారం. ఒక్క కాలే వాచి, ఎర్రబడి నొప్పి పెడితే మాత్రం అది రక్తం గడ్డకట్టడం కావొచ్చు, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

డాప్లర్‌లో ఏమీ కనబడకపోవడంలో ఆశ్చర్యం లేదు. బాధ కాళ్లలో ఉన్నా దాని మూలం మెదడులో ఉంది. కదలికలను అదుపులో పెట్టే డోపమిన్ అనే రసాయనం తయారు కావాలంటే ఐరన్ కావాలి. ఈ జబ్బు ఉన్నవాళ్లలో రక్తంలో ఐరన్ బాగానే ఉన్నా మెదడులోని కొన్ని భాగాల్లో తక్కువగా ఉంటుందని పరిశోధనల్లో తేలింది. పైగా ఇది కుటుంబాల్లో నడుస్తుంది, మీ అమ్మగారికి ఉండటం కాకతాళీయం కాకపోవచ్చు. దీనికి సంబంధించిన కొన్ని జన్యువులను 2007లోనే గుర్తించారు. కాబట్టి టెన్షన్ వల్ల వచ్చిందనే మాటను మనసులోంచి తీసేయండి. మూడేళ్లు సరిగా నిద్రలేకపోతే ఎవరికైనా టెన్షన్ వస్తుంది. ఇంగ్లండ్ వైద్యుడు థామస్ విల్లిస్ 17వ శతాబ్దంలోనే ఈ బాధను వర్ణించారు. స్వీడన్ నాడీవైద్యుడు కార్ల్ ఆక్సెల్ ఎక్‌బోమ్ 1945లో దీని మీద ఒక సమగ్ర గ్రంథమే రాశారు. ఇంత పాత జబ్బును ఇప్పటికీ ‘ఏమీ లేదమ్మా, ఊరికే ఆలోచిస్తున్నావ్’ అని పంపేస్తుంటే నాకు చిరాకేస్తుంది.

ఇక ఫెరిటిన్ సంగతి. ఇది ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే పరీక్ష. చాలా ల్యాబ్‌లు ఆడవాళ్లకు 10 లేదా 15 దాటితే నార్మల్ అని ముద్రిస్తాయి. రక్తహీనత ఉందా లేదా అని చూడటానికి పెట్టుకున్న హద్దు అది. రెస్ట్‌లెస్ లెగ్స్ ఉన్నవాళ్లకు లెక్క వేరు. ఫెరిటిన్ మిల్లీలీటరుకు 75 నానోగ్రాములు, అంతకు తక్కువ ఉన్నా, ట్రాన్స్‌ఫెరిన్ సాచురేషన్ (రక్తంలో ఐరన్‌ను మోసే ప్రొటీన్ ఎంతవరకు నిండి ఉందో చెప్పే లెక్క) 20 శాతం కంటే తక్కువ ఉన్నా ఐరన్ ఇవ్వడం గురించి ఆలోచిస్తాం. మీది 19. హిమోగ్లోబిన్ పడిపోవడానికి చాలా ముందే నిల్వలు అడుగంటుతాయి కాబట్టి 12.2 చూసి నిశ్చింతగా ఉండటానికి లేదు.

పూర్తి ఐరన్ పరీక్ష మరోసారి చేయించండి. ఉదయం పూట ఇవ్వండి, అంతకుముందు కనీసం 24 గంటలు ఐరన్ ఉన్న మాత్రలేవీ వేసుకోకండి. జ్వరం, ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు చేయిస్తే ఫెరిటిన్ దొంగగా ఎక్కువ చూపిస్తుంది, తగ్గేదాకా ఆగండి. దాంతోపాటే కిడ్నీల పనితీరు, షుగర్ కూడా చూపించుకుంటే మంచిది. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లలో ఈ సమస్య ఎక్కువ.

ఐరన్ మాత్ర ఎంత డోసు అనేది రిపోర్టు చూసి డాక్టర్ రాస్తారు. రోజూ గానీ రోజు విడిచి రోజు గానీ ఇస్తారు. పరగడుపున, విటమిన్ సి తో కలిపి వేసుకుంటే బాగా ఒంటబడుతుంది. ఇక్కడ మీకొక ప్రత్యేక జాగ్రత్త: మీరు ఇంకా క్యాల్షియం మాత్ర వాడుతుంటే దాన్నీ ఐరన్‌నూ ఒకేసారి వేసుకోవద్దు. క్యాల్షియం ఐరన్‌ను ఒంటబట్టనివ్వదు. టీ, కాఫీ కూడా అంతే. మధ్యలో కనీసం రెండు గంటలు ఎడం ఉంచండి. మలం నల్లగా వస్తే కంగారుపడకండి, అది మామూలే. మలబద్ధకం, కడుపులో వికారం ఉంటే మాత్రం మానేయకుండా డాక్టర్‌కు చెప్పండి, మందు రకం గానీ వేసుకునే పద్ధతి గానీ మారుస్తారు. నాలుగు రోజుల్లో తేడా కనిపించాలని ఎదురుచూడొద్దు, నిల్వలు నిండటానికి నెలలు పడుతుంది. మూడు నెలలకు మళ్లీ పరీక్ష చేయించండి. మాత్రలు పడకపోయినా, పెరగాల్సినంత పెరగకపోయినా ఆసుపత్రిలో నరం ద్వారా ఐరన్ ఎక్కిస్తారు. అది బాగా పనిచేసే వైద్యమే, భయపడాల్సిన పనిలేదు. పరీక్ష లేకుండా ఎవరికి వారే ఐరన్ కొనుక్కుని నెలల తరబడి మింగడం మాత్రం తప్పు. తలసేమియా, హిమోక్రొమటోసిస్ (ఒంట్లో ఐరన్ అతిగా పేరుకునే జబ్బు) ఉన్నవాళ్లకు అది హాని చేస్తుంది. ఇంట్లో చిన్నపిల్లలుంటే ఆ డబ్బా వాళ్లకు అందనిచోట పెట్టండి, పిల్లలు ఎక్కువ మింగితే ప్రాణాపాయం.

నిల్వ ఎందుకు తగ్గిందో కూడా తెలియాలి. నెలసరిలో రక్తస్రావం ఎక్కువగా ఉంటోందా? మీరు రాయలేదు. ఉంటే గైనకాలజిస్టును కలవాలి. పైల్స్, కడుపులో పుండు, నొప్పుల మాత్రలు ఎక్కువ వాడటం వల్ల పేగుల్లోంచి రక్తం పోవడం లాంటివీ చూడాలి. బొక్కెనకు అడుగున చిల్లు ఉంటే ఎన్ని నీళ్లు పోసినా నిండదు కదా.

ఆ జలుబు మాత్ర ఈ రాత్రి నుంచే మానేయండి. మత్తు వచ్చే అలర్జీ మందులు, అంటే క్లోర్‌ఫెనిరమైన్, డైఫెన్‌హైడ్రమైన్, ప్రోమెథాజిన్ లాంటివి రెస్ట్‌లెస్ లెగ్స్‌ను పెంచుతాయి. కళ్లు మూతలు పడుతుంటాయి, కాళ్లేమో ఊరుకోవు. పడుకోనూ లేరు, మెలకువగా ఉండనూ లేరు. మీలాగే దీన్ని నిద్రమాత్రగా వాడేవాళ్లు చాలామంది వస్తుంటారు. బాధ ఎక్కువైందని ఇంకో మాత్ర వేసుకుంటారు, అది ఇంకా ఎక్కువ చేస్తుంది. వాంతులకు ఇచ్చే మెటోక్లోప్రమైడ్, డిప్రెషన్‌కు వాడే సెర్ట్రలిన్, ఎస్సిటలోప్రామ్, మిర్టజపిన్, అమిట్రిప్టిలిన్ లాంటివి, కొన్ని మానసిక వ్యాధుల మందులు కూడా కొందరిలో ఇదే పని చేస్తాయి. అయితే వీటిలో ఏదైనా వాడుతుంటే సొంతంగా ఆపకండి. మందు రాసిన డాక్టర్‌కు కాళ్ల సంగతి చెబితే చాలు, మార్చే వీలుంటే వాళ్లే మారుస్తారు.

ఇప్పుడు ప్రమిపెక్సోల్. ఇది డోపమిన్‌లా పనిచేసే మందు. మొదట్లో అద్భుతంగా పనిచేస్తుంది, మీ బంధువు దాన్ని వాడుతుండటానికి అదే కారణం అయ్యుంటుంది. చిక్కు తర్వాత మొదలవుతుంది. నెలలు, సంవత్సరాలు గడిచేకొద్దీ కొందరిలో రాత్రి పదింటికి వచ్చే బాధ సాయంత్రం ఆరింటికే, తర్వాత మధ్యాహ్నమే వస్తుంది. చేతులకూ పాకుతుంది. డోసు పెంచితే కొన్నాళ్లు బాగుండి, ఆపైన ఇంకా ముదురుతుంది. దీన్నే ఆగ్మెంటేషన్ అంటాం. ఇంకొందరికి ఆపుకోలేని జూదం, షాపింగ్, తిండి యావ పట్టుకుంటాయి. మందు వల్లే ఇలా అవుతోందని ఇంట్లోవాళ్లకు తట్టదు. అందుకే అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2025 మార్గదర్శకాల్లో ప్రమిపెక్సోల్, రోపినిరోల్, రొటిగోటిన్‌లను మామూలుగా అందరికీ వాడొద్దని సూచించింది. మీ బంధువుకు ఈ విషయం చెప్పండి, కానీ ఒక్కసారిగా ఆపొద్దని కూడా చెప్పండి. ఉన్నట్టుండి ఆపితే బాధ విపరీతంగా తిరగబెడుతుంది. డాక్టర్ పర్యవేక్షణలో మెల్లగా తగ్గించాలి.

ఐరన్ సరిచేశాక కూడా వారంలో చాలా రాత్రులు నిద్ర చెడుతుంటే గాబాపెంటిన్ లేదా ప్రీగాబాలిన్ ముందు ఆలోచించాల్సిన మందులు. సాయంత్రం గానీ పడుకునే ముందు గానీ ఇస్తారు. తలతిరగడం, మగత, బరువు పెరగడం, పాదాల వాపు రావొచ్చు. కిడ్నీ సమస్య ఉంటే డోసు తగ్గించాలి. గట్టిగా గురక పెట్టే అలవాటుంటే డాక్టర్‌తో చెప్పకుండా దాచొద్దు, స్లీప్ అప్నియా (నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం) ఉందేమో చూడాల్సి రావొచ్చు. లేదంటే ఈ జబ్బుకు స్లీప్ స్టడీ, అంటే నిద్రపోతున్నప్పుడు చేసే పరీక్ష, అవసరం లేదు.

మీవారు చెప్పిన తన్నుడు కూడా ఇందులో భాగమే. ఈ జబ్బు ఉన్నవాళ్లలో ఎక్కువమందికి నిద్రలో 20 నుంచి 40 సెకన్లకు ఒకసారి బొటనవేలు పైకి లేచి, చీలమండ, మోకాలు ముడుచుకుని వదులుతాయి. మీకు తెలియదు, పక్కనున్నవాళ్లకు తెలుస్తుంది.

మందులు పనిచేసేలోగా కాఫీని మధ్యాహ్నం తర్వాత తాకకుండా ఓ రెండు మూడు వారాలు చూడండి. మద్యం, పొగ అలవాటుంటే అవీ పెంచుతాయి. రోజూ నడక మంచిదే, రాత్రి పొద్దుపోయాక గట్టి వ్యాయామం మాత్రం కొందరికి వికటిస్తుంది. బాధ మొదలైనప్పుడు పళ్ల బిగువున పడుకుని ఉండొద్దు. లేవండి. గోడకు రెండు చేతులూ ఆనించి, ఒక కాలు వెనక్కి చాచి, మడమ నేలకు తగిలేలా పిక్కను సాగదీయండి. తర్వాత రెండో కాలు. పిక్కల మీద వేడినీళ్లు పోసుకుంటే కొందరికి హాయి, కొందరికి చన్నీళ్లే పడతాయి, మీకేది పడుతుందో మీరే చూసుకోవాలి. మనసు గట్టిగా ఏదైనా పనిలో పడ్డప్పుడు కాళ్ల గోల తగ్గుతుంది. అందుకే టీవీ ముందు ఊరికే కూర్చునే కంటే పజిల్ పూరించడం, అల్లిక పని చేయడం నయం. ప్రయాణాల్లో నడవ పక్క సీటు తీసుకోండి, కుదిరితే ఉదయం పూట బయల్దేరండి. తెల్లవారుజామున ఈ బాధ బాగా తగ్గుతుంది కాబట్టి, మీ పనివేళలు ఒప్పుకుంటే కాస్త ఆలస్యంగా పడుకుని ఆలస్యంగా లేవడంలో తప్పేమీ లేదు. మెగ్నీషియం గురించి చాలామంది అడుగుతుంటారు. ఆధారాలు అంతంతమాత్రం, నేనైతే దానికోసం ఐరన్ వైద్యం వాయిదా వేయను.

మీ పిల్లల్లో ఎవరైనా రాత్రిపూట కాళ్లు పీకుతున్నాయని తరచూ ఏడిస్తే, ఎదుగుదల నొప్పులని కొట్టిపారేయకుండా పిల్లల డాక్టర్‌కు చూపించి, వాళ్ల ఫెరిటిన్ కూడా అడగండి. మీరు మాత్రం ముందు ఫిజీషియన్‌ను కలవండి. మూడు నెలల తర్వాత ఫెరిటిన్ 75 దాటినా రాత్రులు ఇలాగే గడుస్తుంటే, ఈ రెండు రిపోర్టులూ పట్టుకుని న్యూరాలజిస్టు దగ్గరికి వెళ్లండి.