తెర వచ్చింది, పాఠం ఎవరికి అందుతోంది?

తరగతి గదిలోని డిజిటల్ పరికరాలు ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు ఎంతవరకు ఉపయోగపడుతున్నాయన్న విషయంపై ప్రశ్నలు పంపవలసిందిగా పోయిన సంచికలో పాఠకులను కోరాం. వచ్చిన ఉత్తరాల్లో నాలుగింటికి ఇక్కడ జవాబు ఇస్తున్నాను.

ప్రశ్న: జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో సైన్సు చెబుతాను. మా గదికి పెద్ద డిజిటల్ ప్యానెల్ వచ్చింది. ఏడో తరగతిలో 41 మంది పిల్లలున్నారు. ఒక అమ్మాయికి చూపు బాగా తక్కువ, ఒక అబ్బాయి చెవికి మిషను పెట్టుకుంటాడు, మరో ముగ్గురు తెలుగు వాక్యాన్ని కూడబలుక్కుని గాని చదవలేరు. వీడియో వేసినప్పుడు తరగతంతా నిశ్శబ్దంగా చూస్తుంది. మర్నాడు అడిగితే ఈ ఐదుగురూ ఏమీ చెప్పలేకపోతున్నారు. లోపం నాలో ఉందా, వీడియోలో ఉందా?
– ఒక ఉపాధ్యాయిని, ప్రకాశం జిల్లా

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో నా దృష్టి నిలిచిన మాట ‘నిశ్శబ్దంగా చూస్తుంది’ అన్నది. నిశ్శబ్దంగా ఉన్నారంటే శ్రద్ధగా ఉన్నారని మనం అనుకుంటాం. ప్యానెల్ వచ్చాక ఆ పొరపాటు మరింత సులువైంది. ఆ ఐదుగురిదీ ఒకే కష్టం కాదు. ఎవరికి ఏది అడ్డుపడుతున్నదో విడివిడిగా చూసుకున్న తరువాతే ఏ పరికరం కావాలో తేలుతుంది.

ముందు చూపు తక్కువైన అమ్మాయి సంగతి చూద్దాం. జీర్ణవ్యవస్థ పాఠంలో నోటి నుంచి ఆహారవాహిక గుండా జీర్ణాశయంలోకి ముద్ద దిగుతున్నట్టు బొమ్మ కదులుతుంది. పక్కన నిలబడి మనం ‘చూశారా, ఇది ఇలా ఇక్కడికి వస్తుంది’ అంటాం. ‘ఇది’, ‘ఇలా’, ‘ఇక్కడికి’ అన్న మూడు మాటల్లో ఆ అమ్మాయికి దక్కేది ఒక్కటీ లేదు. అదే బొమ్మను చూపిస్తూ ‘ముద్ద గొంతు దాటి ఆహారవాహికలోకి వెళ్లింది, ఆ గొట్టం గోడలు పైనుంచి కిందికి నొక్కుకుంటూ దాన్ని జీర్ణాశయంలోకి దించుతున్నాయి’ అని చెప్పి చూడండి. ఆమెతో పాటు మిగతా 40 మందికీ పాఠం చిక్కబడుతుంది. దీనికి యాప్ అక్కర్లేదు, నిమిషానికోసారి వీడియో ఆపితే చాలు.

ఇక ఆమెను ముందు వరసలో కూర్చోబెట్టడం మనందరం చేసేదే గాని, ప్యానెల్ విషయంలో అది ఒక్కోసారి చేటు చేస్తుంది. కిటికీలోంచి పడే వెలుతురు ఆ గాజు మీద మెరిసి, ముందు వరసలోని పిల్లలకే బొమ్మ కనిపించకుండా పోతుంది. ఒకసారి మీరే ఆమె బల్ల మీద కూర్చుని చూడండి. అంతకంటే మేలైన మార్గం, తెర మీద వేయబోయే బొమ్మను ఒక ట్యాబ్‌లోనో ఫోన్‌లోనో ఆమె చేతికే ఇవ్వడం. ఆండ్రాయిడ్ సెట్టింగుల్లో యాక్సెసిబిలిటీ అన్న విభాగంలో తెరను పెద్దది చేసుకునే ఏర్పాటు, నల్లని నేల మీద తెల్లని అక్షరాలు కనిపించేలా రంగులు తిరగేసుకునే ఏర్పాటు ఉంటాయి. చూపు పూర్తిగా లేని పిల్లలకు తెర మీది అక్షరాలను తెలుగులో చదివి వినిపించే టాక్‌బ్యాక్ కూడా అందులోనే ఉంటుంది. కంప్యూటరైతే ఇలాగే తెరను చదివి వినిపించే ఎన్‌వీడీఏ అన్న సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. ఆస్ట్రేలియాలో చూపు లేని ఇద్దరు యువకులు 2006లో మొదలుపెట్టిన పని అది. దాని తెలుగు గొంతు కొంచెం యంత్రంలా ఉంటుంది గాని, అలవాటైన పిల్లలు మనం నోట పలికేదానికంటే వేగంగా వింటారు.

మిషను పెట్టుకున్న అబ్బాయికి అడ్డుపడేది వేరు. చెవి మిషను మీ మాటను పెంచినట్టే ఫ్యాను చప్పుడును, బల్లల చప్పుడును, ప్యానెల్ స్పీకరు మోతను కూడా పెంచుతుంది. అందుకే అతను చెవితో సగం, మీ పెదవుల కదలికతో సగం అర్థం చేసుకుంటూ ఉంటాడు. వీడియో వేసేందుకు గదిని చీకటి చేసిన క్షణంలో ఆ రెండో సగం పోతుంది. తెర వైపు తిరిగి మాట్లాడినా అంతే. కాబట్టి కిటికీ ఒకటి తెరిచి ఉంచండి, వీడియో ఆపాకే మాట్లాడండి, మాట్లాడేటప్పుడు అతని వైపు తిరగండి. వీడియో పాఠానికి తెలుగు అక్షరాలు కింద వచ్చే అవకాశం ఉంటే తప్పక పెట్టండి. మీ మాటను అప్పటికప్పుడు ఫోన్ తెర మీద తెలుగు అక్షరాల్లో చూపే లైవ్ ట్రాన్‌స్క్రైబ్ వంటివి కూడా వచ్చాయి. నెట్ బాగుండి, మీరు నెమ్మదిగా మాట్లాడితే అది పనికొస్తుంది. అయితే ‘పిత్తరసం’, ‘క్లోమం’ వంటి మాటలను తప్పుగా రాయవచ్చు, అందుచేత ఆ రోజు పాఠంలోని కొత్త మాటలు పదీ ముందే బోర్డు మీద రాసిపెట్టండి. సైగ భాషతో చదువుకునే పిల్లలు మీ బడిలో చేరితే, భారతీయ సైగ భాషా పరిశోధన, శిక్షణ కేంద్రం 2021లో 10,000 మాటలకు పెంచిన వీడియో నిఘంటువు అందుబాటులో ఉందని గుర్తుంచుకోండి.

మిగిలిన ముగ్గురి గురించే నాకు ఎక్కువ బెంగ. వారిలో లోపం బయటికి కనిపించదు గనుక మొద్దులన్న పేరు త్వరగా పడుతుంది. తెలుగు లిపి ఎడమనుంచి కుడికి మాత్రమే నడవదు. ‘రాష్ట్రం’ అన్న మాటను చదివే కన్ను ష దగ్గర ఆగి, కింద ట వత్తుకు దిగి, దాని పక్కనున్న ర వత్తును చూసి, మళ్లీ పైకెక్కి సున్నను పట్టుకోవాలి. అదే పంక్తిలో ద, ధ, థ ఒకదానికొకటి దగ్గరగా కనిపిస్తాయి, పై పంక్తి వత్తులు కింది పంక్తి గుడులను తాకుతుంటాయి. ప్యానెల్ మీద ఒక పేజీ మొత్తాన్ని నింపేస్తే ఈ పిల్లల కంటికి అది పుట్టలా కనిపిస్తుంది. పెద్ద అక్షరాలతో, పంక్తుల మధ్య ఒకటిన్నర రెట్లు ఎడం ఉంచి, ఒకసారికి నాలుగు పంక్తులకు మించకుండా చూపండి. చదివి వినిపించే ఏర్పాటుతో అదే పేరాను వినిపిస్తూ, చదువుతున్న మాట మీద వేలు పెట్టించండి. చెవికి తెలిసిన మాటను కన్ను అప్పుడు గుర్తుపట్టడం మొదలుపెడుతుంది.

ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పాలి. డీటీపీ సెంటర్‌లో పాత ఫాంట్లతో కొట్టించిన ప్రశ్నపత్రాలు, నోట్సులు చూడడానికి తెలుగులా ఉన్నా కంప్యూటరుకు మాత్రం తెలుగు కావు. ఆ ఫైలులో దాగి ఉండేవి ఇంగ్లీషు కీబోర్డు సంకేతాలే. నేను చూసిన ఒక బడిలో చూపు లేని అబ్బాయి ఎంతో ఆశగా సైన్సు నోట్సు తెరిచి చెవికి హెడ్‌ఫోన్ పెట్టుకున్నాడు. ఫోను అర్థం లేని ఇంగ్లీషు అక్షరాలను వరుసగా చదవసాగింది. ఫోను చెడిపోయిందనుకుని అతను దాన్ని రెండుసార్లు ఆపి మళ్లీ వెలిగించాడు. అన్ని భాషల అక్షరాలకూ కంప్యూటర్లలో ఒకే తీరు సంకేతాలు కేటాయించే యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దక్కింది, ఇప్పుడు ప్రతి ఫోనులోనూ యూనికోడ్ తెలుగే ఉంది. అయినా మన బడుల కాగితాలు ఇంకా పాత పెట్టెలోనే ఉండిపోవడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది. ఫొటో తీసి పంపిన పేజీ సంగతీ అంతే. యంత్రానికి అది బొమ్మే. ఇకపై మీరు తయారుచేసే ప్రతి కాగితాన్నీ యూనికోడ్‌లో టైపు చేయండి. టైపు కష్టమైతే నోటితో చెప్పండి, తెలుగు మాటను అక్షరాలుగా మార్చే వాయిస్ టైపింగ్ 2017 నుంచి ఫోన్లలో ఉంది.

ప్రశ్న: మా అబ్బాయి తొమ్మిదో తరగతి. వాడికి డిస్లెక్సియా (చదవడం, రాయడం కష్టమయ్యే ఇబ్బంది) అని డాక్టరు చెప్పారు. టీచరుగారు పాఠాలను ఫోన్ చేత చదివించుకుని వినమంటున్నారు. ఇలా వింటూ కూర్చుంటే వాడికి చదవడం ఎప్పటికి వస్తుంది? రేపు పదో తరగతి పరీక్షలో ఫోను ఉండదు కదా?
– ఒక తండ్రి, కరీంనగర్

జవాబు: అయ్యా, మీ భయం న్యాయమైనదే. చదవడం నేర్చుకోవడం వేరు, చదివి విషయం తెలుసుకోవడం వేరు. సాంఘికశాస్త్రం పాఠంలో మీ అబ్బాయి నేర్చుకోవలసింది రుతుపవనాలు ఎలా వస్తాయన్నది. ఆ ముప్పై పంక్తులను కూడబలుక్కోవడంలోనే అతని శక్తి అంతా ఖర్చయిపోతే రుతుపవనాలూ రావు, చదవడమూ రాదు. కాబట్టి సైన్సు, సాంఘికం విననివ్వండి. చదివే సాధన విడిగా, రోజుకు పదిహేను ఇరవై నిమిషాలు, అతని స్థాయికి తగిన చిన్న కథలతో చేయించండి. ఆ సమయంలో ఫోను అతని బదులు చదవకూడదు. అతను చదివాక, సరిచూసుకోవడానికి మాత్రమే వినాలి. మన టీచర్లలోనూ చాలామంది ఈ రెండింటినీ కలిపేస్తారు.

పరీక్ష విషయానికి వస్తే, మీరు ఇప్పుడే కదలాలి. 1995 నాటి చట్టం 7 రకాల వైకల్యాలను గుర్తిస్తే, 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాలను గుర్తించింది. డిస్లెక్సియా వంటి నిర్దిష్ట అభ్యసన వైకల్యాలు వాటిలో ఉన్నాయి. పదో తరగతి పరీక్షల్లో అలాంటి పిల్లలకు అదనపు సమయం, రాసిపెట్టే సహాయకుడు వంటి వెసులుబాట్లు ఉన్నాయి. అయితే వాటికి ప్రైవేటు డాక్టరు చీటీ చాలదు, ప్రభుత్వ వైద్యులు ఇచ్చిన ధ్రువపత్రం కావాలి, ప్రధానోపాధ్యాయుల ద్వారా దరఖాస్తు వెళ్లాలి. పదో తరగతి సగంలో మొదలుపెడితే కాగితాలు తిరిగేలోగా పరీక్షలు వచ్చేస్తాయి. సహాయకుడి చేత రాయించడం కూడా ఒక విద్యే. జవాబును మనసులో పేర్చుకుని వాక్యాలుగా నోటితో చెప్పడం ఈ ఏడాదే అలవాటు చేయండి. వాయిస్ టైపింగ్‌తో ఆ సాధన ఇంట్లోనే చేయవచ్చు. ఇంకొక్క మాట: వాడిని బద్ధకస్తుడని ఎవరూ అనకుండా చూసుకోవడం మీ చేతిలో ఉన్న పని. ఇంట్లో అక్కాచెల్లెళ్ల ముందు మరీ ముఖ్యం.

ప్రశ్న: ఏజెన్సీ గ్రామంలో ప్రాథమిక పాఠశాలలో పని చేస్తున్నాను. మా పిల్లలు ఇంట్లో కువి అనే గిరిజన భాష మాట్లాడతారు. ట్యాబ్‌లోని తెలుగు వీడియోలు వారికి అర్థం కావు. ఏం చేయాలి?
– ఒక ఉపాధ్యాయుడు, అల్లూరి సీతారామరాజు జిల్లా

జవాబు: ఈ పిల్లల్లో ఏ లోపమూ లేదన్న సంగతి ముందు చెప్పాలి. వారికి తెలిసిన భాష బడికి తెలియదు, అంతే. ఫోన్లలో తెలుగుకు ఉన్న చదివి వినిపించే సదుపాయం, వాయిస్ టైపింగ్ కువికి లేవు. కాబట్టి ఇక్కడ ట్యాబ్ పని వీడియో చూపడం కాదు, గొంతును దాచడం. ఊళ్లో కథలు చెప్పే ఒక అవ్వను బడికి పిలిచి, బొమ్మల పుస్తకంలోని ఒక్కొక్క పుట ఎదుట కువిలో చెప్పించి రికార్డు చేయండి. అదే పుటకు మీ గొంతుతో తెలుగు చేర్చండి. పిల్లలు ముందు అవ్వ మాట విని, తరువాత తెలుగు వింటారు. ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్ వెబ్‌సైటులో ఉచితంగా దించుకుని మరో భాషలోకి మార్చుకునేందుకు అనుమతి ఉన్న బొమ్మల కథలు దొరుకుతాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 ప్రాంతంలో మొదలైన బహుభాషా విద్యా కార్యక్రమంలో సవర, కోయ, గోండి, కొలామి, కొండ, కువి, ఆదివాసీ ఒడియా, బంజారా భాషలకు తెలుగు లిపిలో వాచకాలు తయారయ్యాయి. మీ మండలంలో పాత ఉపాధ్యాయుల దగ్గర అవి దొరకవచ్చు, అడిగి చూడండి. అవ్వ అనుమతి తీసుకోవడం, రికార్డు చేసినది ఆమెకే మొదట వినిపించడం మరవకండి.

ప్రశ్న: బడి గ్రాంటులో కొంత డబ్బు మిగిలింది. ప్రత్యేక అవసరాలున్న పిల్లలు నలుగురున్నారు. ట్యాబ్‌లు కొనమంటారా?
– ఒక ప్రధానోపాధ్యాయుడు, నల్గొండ జిల్లా

జవాబు: వెంటనే వద్దు. 2016 చట్టంలోని 17వ సెక్షను ప్రకారం, నిర్ణీత శాతానికి తగ్గకుండా వైకల్యం ఉన్న విద్యార్థులకు 18 ఏళ్లు వచ్చేవరకు పుస్తకాలు, అభ్యసన సామగ్రి, తగిన సహాయక ఉపకరణాలు ఉచితంగా అందించడం ప్రభుత్వ బాధ్యత. కాబట్టి ముందు మీ మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రానికి వెళ్లి, అక్కడి రిసోర్సు టీచరును ఒకరోజు బడికి పిలిచి ఆ నలుగురినీ చూపించండి. ఎవరికి ఏది రావలసి ఉందో, దరఖాస్తు ఎలా పెట్టాలో వారికి తెలుసు. గ్రాంటు డబ్బుతో చిన్నవి కొనండి: నాలుగు హెడ్‌ఫోన్లు, స్పష్టంగా పలికే ఒక స్పీకరు, ఎండ పడే కిటికీకి ఒక తెర, బల్ల కాళ్ల కింద చప్పుడు రాకుండా రబ్బరు ముక్కలు. ఇప్పటికే బడిలో ఉన్న ట్యాబ్‌లలో ఒక్కొక్కదాన్ని ఒక్కొక్క పిల్లకు కావలసిన అక్షరాల పరిమాణంతో, గొంతు వేగంతో సిద్ధం చేసి, వెనక పేరు చీటీ అంటించండి. ఆ ట్యాబ్‌లు బీరువాలో ఉంటే, తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందో ఆ నలుగురు పిల్లలకూ చెప్పి ఉంచండి.