పాత కొట్టు మళ్లీ తెరిచే ముందు

చిరంజీవి అమ్మాయికి, పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది.

హైదరాబాదులో ఉద్యోగం మానేసి అమలాపురంలో మన పాత బట్టల కొట్టు తెరుస్తావని మీ నాన్న చెప్పిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. గర్వంగానే ఉంది, కానీ ఊరంతా ఫోనులో చీరలు కొంటున్న ఈ రోజుల్లో, బేరం లేని కొట్టులో సాయంత్రం దాకా కూర్చోవడమంటే ఏమిటో నాకు తెలుసు తల్లీ.

జీఎస్టీ పనులు ఆడిటరుకు అప్పగించు. మూఢం రోజులు చూసుకుని సరుకు తెచ్చుకో. నరసాపురం లేసు తెస్తే, అల్లిన ఆడవాళ్ల చేతికే అప్పటికప్పుడు డబ్బివ్వు.

అసలు చెప్పవలసింది నా తప్పు గురించి. ఒక మధ్యాహ్నం పాత ఖాతాదారు ఒకావిడ ఫోను తెరిచి, ఉప్పాడ జాందానీ పేరుతో పదిహేను వందలకే ఉన్న చీర చూపించి, "మీ దగ్గరే ఎందుకండీ ఇంత ఖరీదు?" అన్నారు. ఇద్దరు మనుషులు మగ్గం మీద వారాల తరబడి కూర్చుని నేసే చీరకు ఆ ధరలో కూలి కూడా గిట్టదని చెప్పవలసిన నేను, ఆవిడ మళ్లీ రారేమోనన్న భయంతో, వారం తిరగకుండా మరమగ్గం చీరలు తెప్పించి చేనేత చీరల మధ్య సర్దాను. అడిగినవాళ్లకు ఉప్పాడే అన్నాను. బాగానే అమ్ముడుపోయాయి.

ఏళ్ల తరబడి మనకు చీరలిస్తున్న ఉప్పాడ నేతగాడు ఒకరోజు మూటతో వచ్చి, పరుపు మీద పరిచి ఉన్న చీర చెంగు తిరగేశాడు. వెనకవైపు బుటాల చుట్టూ కత్తిరించిన పోగులు నూగులా లేచి ఉన్నాయి. జాందానీలో ప్రతి బుటాకూ చేత్తో పోగు చొప్పిస్తారు గనుక రెండువైపులా ఒకేలా కనిపిస్తుంది. ఆయన ఏమీ అడగలేదు. "మా చీర దీని పక్కన పెట్టకండి బాబుగారూ" అని, విప్పని మూట భుజానికెత్తుకుని వెళ్లిపోయాడు. ఆ రోజు ఫోను చూపించి, తరవాత అలాంటి చీరే కొన్న ఆవిడ కూడా మళ్లీ మన గడప తొక్కలేదు.

కొట్టు మూతపడితే ఆన్‌లైన్ దెబ్బ అని అందరితో అన్నాను. ఆ దెబ్బ నిజమే. అయితే ఫోనులో దొరికే మాయే నా దగ్గరా దొరుకుతుంటే జనం మెట్లెక్కి ఎందుకు రావాలి?

ఉప్పాడ జాందానీకి, ఆ పేరు అక్కడి నేతకే చెందుతుందనే భౌగోళిక గుర్తింపు 2009లోనే వచ్చింది. ఆ పేరుతో మరొకటి అమ్మకు. ఎవరైనా ఫోను చూపిస్తే చిన్నబుచ్చుకోకు, చీర తిరగేసి చూపించు, చేత్తో తాకనివ్వు. ఫోనులో అమ్మినా సరే, వెనకవైపు ఫొటో కూడా పెట్టు. మధ్యాహ్నం భోజనం మాత్రం మానకమ్మా. నేను మానేసి కడుపు పాడుచేసుకున్నాను.

తలుపు తీసే ముందు ఒకసారి ఉప్పాడ వెళ్లు. నేను మొహం చెల్లక వెళ్లలేకపోయిన ఇల్లు అది. ఎవరి తాలూకు అని ఆయన అడిగితే నా పేరు దాచకు.

ఇట్లు,
మీ పెదనాన్న