గజపతి జిల్లాలో మూడు భాషల సర్వే: ప్రశ్నావళిని అప్పటికప్పుడు నోటితో అనువదించి అడగొచ్చా?

ఒడిశాలోని గజపతి జిల్లా, పర్లాకిమిడి చుట్టుపక్కల ఊళ్లలో ఎమ్మే డిసర్టేషన్ కోసం 100 ఇళ్ల సర్వే, చేతిలో ఇంగ్లిష్ ప్రశ్నావళి, ఎదురుగా తెలుగు, ఒడియా, సవర (అక్కడి గిరిజన భాష) మాట్లాడే ఇళ్లు. ప్రశ్నను అక్కడికక్కడే నోటితో మార్చి అడగొచ్చా అని మీరు అడిగారు. వద్దండి. ఇంటింటికీ మాట మారితే, రేపు పట్టికలో కనిపించే తేడా ఊళ్లదా, అడిగిన తీరుదా అన్నది ఎవరూ తేల్చలేరు.

ఒక్కో భాషలోకి ఇద్దరితో విడివిడిగా రాయించండి. తర్వాత ఇద్దర్నీ కూర్చోబెట్టి ప్రశ్న ప్రశ్నకీ పోల్చి ఒక ప్రతి ఖాయం చేయండి. అసలు ప్రశ్నావళి చూడని మూడో మనిషితో దాన్ని తిరిగి ఇంగ్లిష్‌లోకి రాయించండి. చాలామంది ఇక్కడితో ఆపేస్తారు, అదే పొరపాటు. మాటకి మాట పెట్టిన అనువాదం ఇంగ్లిష్‌లోకి చక్కగా తిరిగొస్తుంది, ఊళ్లో మాత్రం ఎవరికీ ఎక్కదు. అందుకే భాషకి 8 నుంచి 10 మందిని అడిగి, "ఈ ప్రశ్న మీకేమని అర్థమైంది?" అని వాళ్ల మాటల్లో చెప్పించుకోండి. ఈ ఇళ్లను ఆ 100లో కలపకండి.

మీ దగ్గర ప్రత్యేకంగా వచ్చే చిక్కు లిపి. తెలుగు ఇంట్లో పుట్టి ఒడియా మీడియంలో చదివిన ఇన్వెస్టిగేటర్లకు తెలుగు మాట్లాడటం వస్తుంది, చదవడం రాదు. వాళ్లకోసం తెలుగు ప్రశ్నల్ని ఒడియా లిపిలో రాసివ్వాలి. ఆ లిపిలో ఎ-ఏలకు, ఒ-ఓలకు వేరువేరు గుర్తులు లేవు. "మేడ ఉందా?" అన్నది "మెడ ఉందా?" అయి కూర్చుంటుంది. పైగా అకారాన్ని ఒడియాలో 'ఒ'లా పలుకుతారు కాబట్టి "తల" అని రాస్తే "తొలొ" అని చదువుతారు. అకారం ఉన్నచోటల్లా 'ఆ' గుర్తు పెట్టండి, నిజంగా దీర్ఘం ఉన్నచోట పక్కన చిన్న గీత గీయండి. ఇన్వెస్టిగేటర్ చేత అన్ని ప్రశ్నలూ ఒకసారి పైకి చదివించి విన్నాకే ఊళ్లోకి పంపండి.

మాటల సంగతికొస్తే, భూమి దగ్గర మరీ జాగ్రత్త. ఒడిశాలో ఎకరానికి 25 గుంటలు, తెలంగాణ లెక్కలో 40. 10 గుంటల భూమి 40 సెంట్లవ్వాల్సింది 25 సెంట్లని ఎక్కిపోతుంది. చెప్పిన అంకె ఒక గడిలో, చెప్పిన కొలత ఇంకో గడిలో రాసుకోండి. ఎకరాల్లోకి మార్చడం ఇంటికొచ్చాక చూసుకోవచ్చు. (డిసిమిల్ అంటే మన సెంటే, దాంతో పేచీ లేదు.) "మీ కుటుంబంలో ఎందరు?" అంటే వేరు కుంపటి పెట్టిన కొడుకుల్నీ కలిపి చెబుతారు. "ఒకే పొయ్యి మీద వండుకు తినేది ఎంతమంది?" అని అడగండి. పిల్లల వయసు సరిగ్గా తెలియకపోతే తుపానుల్ని ఆనవాలు పెట్టుకోండి: 2013 ఫైలిన్, 2014 హుద్‌హుద్, 2018 తిత్లీ. "గత 7 రోజుల్లో" అనే బదులు "పోయిన సంత నుంచి ఈ సంత దాకా" అంటే లెక్క సరిగ్గా వస్తుంది.

సవర ఇళ్లకు దుబాసీ కావాలి. రేషన్, పింఛను ప్రశ్నలకు వార్డు మెంబరునో, అంగన్‌వాడీ కార్యకర్తనో దుబాసీగా పెట్టుకోవద్దు. ఆ పనులతో సంబంధమున్న మనిషి ఎదుట ఫిర్యాదు బయటికి రాదు. సవరకి సోరంగ్ సోంపెంగ్ లిపి ఉంది, రోమన్, ఒడియా, తెలుగు లిపుల్లోనూ రాస్తారు. మీ దుబాసీ ఏది గడగడా చదవగలడో అందులోనే రాయండి. పర్లాకిమిడిలోనే ఉండి సవర నేర్చుకున్న గిడుగు రామమూర్తి గారి వ్యాకరణం 1931లో వచ్చింది. మాటల దగ్గర సందేహమొస్తే ఒకసారి తిరగేయండి, కానీ ఆఖరి మాట ఆ ఊరివాళ్లదే.

100 ఇళ్లంటే, పూర్తిగా లాటరీ పద్ధతిలో తీసినా, మీకొచ్చే శాతానికీ అసలు శాతానికీ అటూ ఇటూ దాదాపు 10 పాయింట్ల దాకా తేడా ఉండొచ్చు. 10 ఊళ్లలో పదేసి ఇళ్లు తీస్తే అది ఇంకా పెరుగుతుంది, ఎందుకంటే ఒక ఊరివాళ్లు ఒకరినొకరు పోలి ఉంటారు. 20 ఊళ్లలో ఐదేసి ఇళ్లు మేలు. భాషకి 33 ఇళ్ల చొప్పున తీస్తే తేడా 17 పాయింట్లు, కాబట్టి "సవర ఇళ్లలో ఇంత శాతం, తెలుగు ఇళ్లలో ఇంత" అని గట్టిగా రాయకండి. ప్రతి ఫారం మీదా ఏ భాషలో అడిగారు, దుబాసీ ఉన్నాడా లేదా అన్న రెండు గడులు తప్పక పెట్టండి. సర్వే అయిపోయాక వాటిని నింపడం కుదరదు.