టపాసుల చప్పుడుకు గొలుసు తెంపుకునే కాపలా కుక్క

ప్రశ్న: బావి దగ్గర మాకు ఆరు బర్రెల కొట్టం ఉంది. కాపలాకు మూడేళ్ల నాటు కుక్కను పెట్టుకున్నాం. నిరుడు దీపావళి రాత్రి లక్ష్మీ బాంబుల మోతకు గొలుసు తెంపుకుని పారిపోయింది. రెండో రోజు మెడ మీద పుండుతో తిరిగొచ్చింది. ఈసారి ఇంకా గట్టి గొలుసు వేయమంటారా? నిద్రమాత్ర వేస్తే పడుకుంటుందని పక్క చేను రైతు అంటున్నాడు. ఎంత వేయాలి?
– ఒక పాడి రైతు, జనగామ జిల్లా

జవాబు: దయచేసి ఈ రెండూ చేయకండి. నిరుడు గొలుసు తెగడం వల్లే మీ కుక్క బతికి బయటపడింది అనుకోవచ్చు. బెదిరిన కుక్క ఒళ్లు తెలియకుండా గుంజుకుంటుంది. గొలుసు తెగకపోతే మెడ కోసుకుపోతుంది, ఇనుమును కొరికి పళ్లు విరగ్గొట్టుకుంటుంది. గోడ దూకితే అటువైపు ఉరిపడి చచ్చిపోతుంది. ఆ రాత్రి దానికి కావలసింది కట్టు కాదు, తలుపు మూసిన గది, పక్కన తెలిసిన మనిషి.

మనిషి చెవికి సుమారు 20 వేల హెర్ట్జ్ (శబ్దం ఎంత సన్నటిదో చెప్పే కొలత) దాకానే వినిపిస్తుంది. కుక్కకు 45 వేల దాకా వినిపిస్తుంది, మనకు అందని సన్నటి శబ్దాలు కూడా పడతాయి. టపాసు పేలిన చోటికి 4 మీటర్ల దూరంలో మోత 125 డెసిబెల్స్ (చప్పుడు ఎంత గట్టిదో చెప్పే కొలత) దాటకూడదని నిబంధన. ఆరుబయట దూరం రెట్టింపైన ప్రతిసారీ సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతాయి కాబట్టి, అదే మోత కిలోమీటరు అవతల లెక్క ప్రకారం 77 దగ్గరికి దిగుతుంది. అందుకే మీ బావి ఊరికి కిలోమీటరుకు పైగా దూరంలో ఉంటే కుక్కను అక్కడే ఉంచి, మీ ఇంట్లోవాళ్లలో ఒకరు అక్కడే తోడు పడుకోండి. ఊరి అంచునే ఉంటే ఇంటికి తెచ్చి లోపలి గదిలో పెట్టండి. ఒంటరిగా మాత్రం ఎక్కడా వదలొద్దు.

గది ఎంచుకోవడంలోనే చాలామంది పొరపడతారు. రేకుల కప్పు కింద చప్పుడు ఇంకా మోగుతుంది, గడ్డి కప్పు మీద తారాజువ్వ పడితే అంటుకుంటుంది. స్లాబు గది మేలు. మోటారు గదే దిక్కైతే యూరియా, పురుగుమందుల డబ్బాలు, ఎలుకల మందు ముందే బయటికి తీసేయండి, వైర్లు అందకుండా చూడండి. బెదిరిన కుక్క ఏది దొరికితే అది కొరుకుతుంది. నులక మంచానికి మూడు వైపులా నేల దాకా దుప్పట్లు వేలాడదీసి, కింద గోనె సంచి పరచండి. పండుగకు పది రోజుల ముందు నుంచే రోజూ ఆ మంచం కిందే తిండి పెట్టండి. ఆ రాత్రి ఉన్నట్టుండి కొత్త గదిలోకి తోస్తే అదే ఇంకో భయమవుతుంది.

పండుగ రోజు సాయంత్రం 5 లోపే బయట తిప్పి, ఒంటికి రెంటికి పోనిచ్చి తీసుకురండి. మెడపట్టీ ఒక్కటే అయితే తల జార్చుకుని పోతుంది, ఛాతీ చుట్టూ వచ్చే బెల్టు వేయండి. మెడపట్టీ మీద మీ ఫోన్ నంబరు చెరగని సిరాతో రాయండి. 6 లోపు అన్నం పెట్టి, నీళ్లగిన్నె గదిలోనే ఉంచండి. దీపావళికి రాత్రి 8 నుంచి 10 దాకానే కాల్చాలని సుప్రీంకోర్టు 2018లో చెప్పినా, పిల్లలు పొద్దుగూకగానే మొదలుపెడతారు. కాబట్టి ఆరున్నరకల్లా కిటికీలు మూసి, ఫ్యానో కూలరో వేయండి. ఆగకుండా ఒకే తీరుగా వచ్చే ఆ హోరు బయటి మోతను కొంత కప్పుతుంది. కరెంటు పోతే బ్యాటరీ రేడియో పెట్టండి.

రొప్పడం, చొంగ కార్చడం, వణకడం, చెవులు వెనక్కి వాల్చడం, ఇష్టమైనది పెట్టినా ముట్టకపోవడం భయానికి గుర్తులు. అప్పుడు దగ్గరికొస్తే నిమరండి. ఓదారిస్తే భయం అలవాటవుతుందనే మాట నిజం కాదు. మంచం కిందికి దూరితే మాత్రం లాగకండి, కొట్టకండి. బెదిరిన కుక్క యజమానిని కూడా కరుస్తుంది.

ఇక మాత్ర సంగతి. మనుషుల నిద్రమాత్ర వేస్తే కొన్ని కుక్కలు పడుకోకపోగా ఇంకా రెచ్చిపోతాయి. ఎసిప్రోమజిన్ అనే మత్తుమందు ఒక్కటే ఇస్తే ఒళ్లు కదలదు గానీ భయం తగ్గదు, చప్పుడుకు ఇంకా ఉలిక్కిపడొచ్చు కూడా. చూసేవాళ్లకు అది ప్రశాంతంగా పడుకున్నట్టు కనిపిస్తుంది, లోపల నరకం. భయాన్ని తగ్గించే గాబాపెంటిన్, ట్రాజొడోన్ లాంటి మందులున్నాయి. పశువైద్యుడు కుక్క బరువు, ఆరోగ్యం చూసి మోతాదు రాస్తారు. బరువు తెలియకపోతే కుక్కను ఎత్తుకుని కాటా ఎక్కి, అందులోంచి మీ బరువు తీసేయండి. పండుగకు వారం ముందే ఒకసారి వేసి ఎలా ఉంటుందో చూడాలి. ఆ రోజు చప్పుళ్లు మొదలవడానికి సుమారు రెండు గంటల ముందు వేయాలి, బెదిరాక వేస్తే సరిగా పనిచేయదు. గాబాపెంటిన్ ద్రవరూపంలో మనుషులకు వాడేది వద్దు. కొన్నింటిలో కలిపే జైలిటాల్ తీపి పదార్థం కుక్కకు విషం.

పండుగకు నెలకు పైగా వ్యవధి ఉంటే చప్పుడు అలవాటు చేయొచ్చు. టపాసుల రికార్డింగును బ్లూటూత్ స్పీకర్‌లో పెట్టండి. ఫోన్ స్పీకర్‌లో బాంబు దద్దరింపు రాదు. కుక్క చెవి తిప్పి చూడాలి గానీ తినడం ఆపకూడదు, మొదట చప్పుడు అంత తక్కువగా ఉంచాలి. రోజుకు రెండుసార్లు, ఐదేసి నిమిషాలు, ఉడికిన గుడ్డు ముక్కలు పెడుతూ వినిపించండి. మూడు రోజులకొకసారి ఒక్క మెట్టు పెంచండి. తినడం ఆపితే రెండు మెట్లు దిగండి. అంత వ్యవధి లేకపోతే ఇప్పుడు మొదలుపెట్టొద్దు, పండుగయ్యాక చేయండి. పెళ్లి బరాత్‌లకు, వినాయక నిమజ్జనానికి ఎలాగూ పనికొస్తుంది.

బర్రెలను సాయంత్రం 5కల్లా పిండేయండి, బెదిరితే పాలు చేపవు. గడ్డివాము పక్కన 200 లీటర్ల డ్రమ్ము నిండా నీళ్లు పెట్టుకోండి.

తెల్లారి కుక్కను వదిలేముందు పేలని టపాసులు, మందు కాగితాలు ఊడ్చి తీసేయండి. అందులో నైట్రేట్లు, కొన్నింట్లో బేరియం ఉంటాయి. తింటే వాంతులు, నెత్తుటి విరేచనాలు, కాళ్లు పడిపోవడం చూస్తాం. ఉప్పునీళ్లు తాగించి వాంతి చేయించకండి, వెంటనే పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లండి లేదా పశువైద్య సహాయ నంబరు 1962కు ఫోన్ చేయండి. ఒళ్లు కాలితే చల్లని మంచినీళ్లు పది పదిహేను నిమిషాలు ధారగా పోయాలి. పసుపు, పేస్టు రాయొద్దు. మనిషిని కరిస్తే పుండును సబ్బుతో పారే నీటి కింద 15 నిమిషాలు కడిగి, అదే రోజు ఆసుపత్రిలో రేబిస్ టీకా మొదలుపెట్టించండి.

మామూలుగా ఈ బెదురు ఒకట్రెండు రోజుల్లో తగ్గిపోతుంది. ఆ తర్వాత కూడా చొంగ కారుతూ, దవడ వేలాడి, గొంతు మారి, నీళ్లు మింగలేకపోతుంటే అది టపాసుల భయం కాకపోవచ్చు, రేబిస్ కావచ్చు. నోట్లో చెయ్యి పెట్టకండి, గదిలోనే ఉంచి తలుపు వేసి పశువైద్యుణ్ని పిలవండి.