పేజీ తెల్లగా వస్తోంది, ఎర్రర్ లాగ్ ఖాళీగా ఉంది!

ప్రశ్న: గుంటూరు మిర్చి యార్డు దగ్గర మా బాబాయికి కోల్డ్ స్టోరేజీ ఉంది. రైతుల టిక్కీల (మిర్చి బస్తాల) లెక్కకు పీహెచ్‌పీలో సైట్ చేసిచ్చాను. సర్వర్‌ను ఉబుంటు 22.04 నుంచి 24.04కి మార్చాక రసీదు పేజీ తెల్లగా వస్తోంది. పీహెచ్‌పీ సెట్టింగుల ఫైలు పీహెచ్‌పీ డాట్ ఐఎన్ఐలో ఎర్రర్ల లాగింగ్ ఆన్ చేసి వెబ్ సర్వర్ అపాచీని రీస్టార్ట్ చేశాను. అయినా లాగ్‌లో ఒక్క లైనూ పడటం లేదు. వాడేది ఎఫ్‌పీఎం (అపాచీకి విడిగా ఉండి పీహెచ్‌పీ కోడ్‌ను నడిపే సర్వీసు).
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: మీరు మార్చిన ఫైలును మీ సైట్ అసలు చదవడం లేదని నా అనుమానం. ఉబుంటులో పీహెచ్‌పీ ప్రతి వెర్షన్‌కూ విడి ఫోల్డర్ ఉంటుంది. అందులో మళ్లీ సీఎల్ఐకి (టెర్మినల్ నుంచి నడిపే పీహెచ్‌పీకి) ఒక సెట్టింగుల ఫైలు, ఎఫ్‌పీఎంకి ఇంకొకటి. టెర్మినల్లో అడిగితే కనిపించేది సీఎల్ఐది. సైట్ నడిచేది రెండోదాంతో. పైగా 22.04లో ఉన్నది పీహెచ్‌పీ 8.1, 24.04లో వచ్చేది 8.3. పాత 8.1 ఫోల్డర్ అలాగే మిగిలిపోయి ఉంటే, అందులో ఎన్ని మార్పులు చేసినా ఉపయోగం లేదు.

అందుకే ఊహించకుండా సర్వర్‌నే అడగండి. పీహెచ్‌పీ ఇన్ఫో ఫంక్షన్‌తో ఒక్క లైను పేజీ రాసి బ్రౌజర్‌లో తెరవండి. 'లోడెడ్ కాన్ఫిగరేషన్ ఫైల్' ఎదురుగా కనిపించేదే అసలు ఫైలు. 'లాగ్ ఎర్రర్స్', 'ఎర్రర్ లాగ్' విలువలు కూడా అక్కడే చూడండి. ఎఫ్‌పీఎం పూల్ ఫైల్లో (ఎఫ్‌పీఎంకే ఉండే విడి సెట్టింగుల ఫైలు) ఎవరైనా వేరే విలువ రాసి ఉంటే మీరు రాసింది చెల్లదు. పని కాగానే ఆ పేజీ తీసేయండి, సర్వర్ గుట్టంతా అందులో ఉంటుంది.

ఫైలు సరిచేశాక రీస్టార్ట్ చేయాల్సింది ఎఫ్‌పీఎం సర్వీసును. అపాచీని ఎన్నిసార్లు చేసినా ఎఫ్‌పీఎం పాత సెట్టింగులతోనే నడుస్తుంది.

ఎర్రర్ లాగ్‌కు మీరే విడిగా ఫైలు ఇచ్చారా? ఎఫ్‌పీఎం పనిచేసేది డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ-డేటా అనే యూజర్ పేరుతో. వార్ లాగ్ (/var/log) ఫోల్డర్‌లో కొత్త ఫైలు సృష్టించే హక్కు దానికి లేదు. ఆ ఫైలును మీరే సృష్టించి ఆ యూజర్‌కి అప్పగించండి. అందరికీ అన్ని హక్కులూ ఇచ్చే 777 పర్మిషన్ మాత్రం ఇవ్వొద్దు. విడి ఫైలు ఇవ్వకపోతే ఎర్రర్లు అపాచీ లాగ్‌లోకే వస్తాయి. కాకపోతే మీ సైట్ వర్చువల్ హోస్ట్‌లో (అపాచీలో ఆ సైట్‌కు ఉండే సెట్టింగులు) వేరే లాగ్ పేరు ఉందేమో చూడండి.

ఎర్రర్లను పేజీలోనే చూపించే డిస్‌ప్లే ఎర్రర్స్ ఆన్ చేయాలని అనిపించవచ్చు. దయచేసి వద్దు. రైతుల సరుకు వివరాలున్న సైట్‌లో ఫైళ్ల దారులు, డేటాబేస్ వివరాలు బయటి వాళ్లకు కనిపించకూడదు.

చివరగా ఎర్రర్ లాగ్ ఫంక్షన్‌తో ఒక పరీక్ష లైను రాయించి చూడండి. అది లాగ్‌లో పడి, రసీదు పేజీ ఎర్రర్ మాత్రం పడకపోతే, మీ కోడ్‌లో ఎర్రర్ రిపోర్టింగ్‌ను సున్నా చేసిన (అంటే ఏ ఎర్రర్నూ నమోదు చేయొద్దని చెప్పిన) లైను ఎక్కడుందో వెతకండి.