యుద్ధ బాండ్ల పోస్టర్లలో 12,000 డాలర్లు పెట్టొచ్చా?

ప్రశ్న: మేం టెక్సాస్‌లో ఉంటున్నాం. నా వయసు 41. ఇంట్లో ఒక్కరి జీతమే, ఇద్దరు పిల్లలు. ఈ ఏడాది బోనస్‌లో పన్నులు పోను 15,000 డాలర్లు చేతికొచ్చాయి. రెండు ప్రపంచ యుద్ధాల కాలంలో అమెరికా ప్రభుత్వ బాండ్ల ప్రచారానికి వేసిన పోస్టర్లంటే నాకు చాలా ఇష్టం. ఒక డీలర్ 30 పోస్టర్లు కలిపి 12,000 డాలర్లకు ఇస్తానంటున్నారు. వీటి ధర ఏటా పెరుగుతుందని, పదేళ్ల తర్వాత అమ్మితే పిల్లల కాలేజీ ఖర్చుకు పనికొస్తుందని, కావాలంటే ఐఆర్ఏ (పన్ను రాయితీ ఉన్న రిటైర్మెంట్ పొదుపు ఖాతా) డబ్బుతోనూ కొనొచ్చని చెబుతున్నారు. 1944 నాటి అసలు సిరీస్ ‘ఈ’ (E) బాండ్, అంటే అప్పటి ప్రభుత్వ పొదుపు బాండ్, ఒకటి ఉచితంగా ఇస్తారట. మూడు నెలల ఖర్చులకు సరిపడా అత్యవసర నిధి ఉంది. క్రెడిట్ కార్డు బాకీ 4,200 డాలర్లు, వడ్డీ 24 శాతం. కొనమంటారా?

జవాబు: పోస్టర్లు కొనుక్కోండి. 30 కలిపి కట్టగా అమ్మే ఆ లాట్ మాత్రం వద్దు. పిల్లల చదువుకు దాచే డబ్బుతో అయితే అసలే వద్దు.

ధర పెరుగుతుందా లేదా అన్నది తర్వాతి సంగతి. ముందు కొనడానికీ అమ్మడానికీ మధ్య ఎంత పోతుందో చూడండి. ఒక పోస్టర్ వేలంలో 400 డాలర్లకు పలికిందనుకుందాం. దాని మీద బయ్యర్స్ ప్రీమియం (కొనేవాళ్ల దగ్గర వేలం సంస్థ తీసుకునే రుసుము) 25 శాతం, అంటే 100. ఆ 500 మీద 8.25 శాతం సేల్స్ టాక్స్ 41.25. గొట్టంలో చుట్టి బీమాతో పంపడానికి 35. మొత్తం 576.25 డాలర్లు మీ జేబులోంచి పోయాయి. రేపు అదే పోస్టర్‌ను వేలానికి పెడితే అమ్మకందారు కమిషన్ 15 శాతం అనుకున్నా, పెట్టిన డబ్బు తిరిగి రావాలంటే అది 678 డాలర్లకు పలకాలి. 400 నుంచి 678కి పెరగడమంటే దాదాపు 70 శాతం. ధర ఏటా 5 శాతం చొప్పున తప్పకుండా పెరిగినా, అసలు చేతికి రావడానికే దాదాపు 11 ఏళ్లు పడుతుంది. లాభం లెక్క ఆ తర్వాతే మొదలవుతుంది. నగ కొన్నప్పుడు తరుగు, మజూరీ పోయినట్టే ఇదీ. కాకపోతే ఇక్కడ కరిగించుకోవడానికి లోపల బంగారం లేదు.

వేలం వద్దనుకుని డీలర్‌కే తిరిగి అమ్మితే ఇంకా తక్కువ వస్తుంది. ఆయన దుకాణం నడవాలి కాబట్టి తాను అమ్మే ధరలో సగమే ఇస్తానన్నా ఆశ్చర్యపోనక్కర్లేదు. మీ పెద్ద బిడ్డ కాలేజీలో చేరే ఏడాదే 30 పోస్టర్లూ ఒక్కసారిగా అమ్మాల్సి వస్తే బేరం ఎవరి చేతిలో ఉంటుందో మీకే తెలుస్తుంది.

లాట్‌తో ఇంకో చిక్కుంది. సగటున ఒక్కోటి 400 డాలర్లు పడుతోంది. కానీ ఇలాంటి కట్టల్లో మంచివి నాలుగైదే ఉంటాయి, మిగతావి వాటి పక్కన నిలబడి ఆ ధర తెచ్చుకుంటాయి. మొదటి యుద్ధం నాటి బాండ్ల ప్రచారమైన లిబర్టీ లోన్ పోస్టర్లు లక్షల కొద్దీ అచ్చయ్యాయి. పాతదైనంత మాత్రాన అరుదైనది కాదు. ధరను నిర్ణయించేవి బొమ్మ, గీసిన చిత్రకారుడు, సైజు, కాగితం స్థితి. హోవర్డ్ చాండ్లర్ క్రిస్టీ గీసిన ‘ఫైట్ ఆర్ బై బాండ్స్’, 1918లో బాయ్ స్కౌట్ల కోసం జె.సి. లయన్‌డెకర్ వేసిన ‘వెపన్స్ ఫర్ లిబర్టీ’, నాలుగో లిబర్టీ లోన్‌కు జోసెఫ్ పెన్నెల్ గీసిన, మంటల్లో న్యూయార్క్ రేవూ తల తెగిన లిబర్టీ విగ్రహమూ ఉన్న పోస్టర్: ఇలాంటి వాటికి ఎప్పుడూ ఎవరో ఒకరు కొనేవాళ్లుంటారు. రెండో యుద్ధానికి వస్తే నార్మన్ రాక్‌వెల్ నాలుగు స్వేచ్ఛల పోస్టర్లు (1943), ఇవో జిమా జెండా ఫొటో ఆధారంగా సి.సి. బీల్ చేసిన ఏడో వార్ లోన్ పోస్టర్ (1945) అందరికీ తెలిసినవి. అయితే ఇవీ విస్తారంగానే అచ్చయ్యాయి కాబట్టి మంచి స్థితిలో, పెద్ద సైజులో ఉన్నదానికే గిరాకీ. ఉత్త అక్షరాలతో ‘బాండ్లు కొనండి’ అని ఉన్నవాటిని విడిగా వేలానికి తీసుకోవడానికి పెద్ద సంస్థలు ఇష్టపడవు. పదింటిని కట్టగట్టి ఒకే లాట్‌గా పెడతాయి. మీకు వస్తున్న బేరం అలా పుట్టినదే కావచ్చు.

ఐఆర్ఏ మాట. ఇది పూర్తిగా తప్పుడు సలహా. అమెరికా పన్ను చట్టంలోని 408(ఎం) సెక్షన్ ప్రకారం ఐఆర్ఏ డబ్బుతో కళాఖండాలు, పురాతన వస్తువుల్లాంటివి కొంటే, పెట్టిన మొత్తాన్ని మీరు ఖాతాలోంచి తీసుకున్నట్టే లెక్కేస్తారు. మీరు 22 శాతం శ్లాబులో ఉంటే 12,000 మీద ఆదాయపన్ను 2,640, వయసు 59½ దాటలేదు కాబట్టి అదనంగా 10 శాతం, అంటే మరో 1,200. పోస్టర్ గోడకెక్కక ముందే 3,840 డాలర్లు పోయినట్టు.

మామూలు డబ్బుతో కొని, ఏడాది దాటాక లాభానికి అమ్మితే షేర్లకుండే 15 శాతం రేటు వీటికి వర్తించదు. కలెక్టిబుల్స్ మీద దీర్ఘకాలిక లాభానికి గరిష్ఠ రేటు 28 శాతం. ఇది పైహద్దు మాత్రమే: మీ శ్లాబు 22 అయితే ఆ రేటే పడుతుంది. భార్యాభర్తలు కలిసి రిటర్ను వేసేటప్పుడు సవరించిన ఆదాయం 2,50,000 డాలర్లు దాటితే 3.8 శాతం నికర పెట్టుబడి ఆదాయపు పన్ను కూడా కలుస్తుంది. కొన్న ఖర్చు కింద ప్రీమియం, సేల్స్ టాక్స్, రవాణా, మరమ్మతు అన్నీ చూపించుకోవచ్చు. అందుకే ప్రతి రసీదూ దాచండి. బీమా, నిల్వ ఖర్చులు అందులోకి రావు. సరదాకు గోడకు పెట్టుకున్న పోస్టర్ నష్టానికి అమ్ముడైతే ఆ నష్టాన్ని రిటర్నులో చూపించడం కుదరదు. లాభమైతే పన్ను, నష్టమైతే మీ ఖర్మ.

ఈ పోస్టర్లు ప్రచారం చేసిన బాండ్ల కథ కూడా ఒకసారి చూడండి. 1942లో 18.75 డాలర్లు పెట్టి సిరీస్ ఈ బాండ్ కొన్నవాళ్లకు పదేళ్లకు 25 డాలర్లు వచ్చాయి, అంటే ఏటా 2.9 శాతం. ఆ పదేళ్లలో ధరలు 60 శాతానికి పైగా పెరిగాయి. చేతికొచ్చిన 25 డాలర్లకు పాత 18.75కు వచ్చినంత సరుకు కూడా రాలేదు. అంతకుముందు లిబర్టీ బాండ్లు కొన్నవాళ్లలో 1920లో అవసరపడి అమ్ముకున్న చాలామందికి వందకు 90 డాలర్లు కూడా రాలేదు. దేశభక్తితో కొన్నదైనా, ఇష్టంతో కొన్నదైనా రాబడి లెక్క మారదు.

ఇక మీ 15,000 సంగతి. మొదట 4,200 క్రెడిట్ కార్డుకు. 24 శాతం వడ్డీ అంటే ఏటా వెయ్యి డాలర్లకు పైగా. దాన్ని తీర్చడం కంటే మంచి రాబడి మీకు ఏ వేలంలోనూ దొరకదు. ఇంట్లో ఒక్క జీతమే కాబట్టి అత్యవసర నిధి ఆరు నెలలకు చేరాలి. 6,500 అటు పంపండి. పిల్లల కోసం 529 ప్లాన్‌లో (చదువు ఖర్చుకు పన్ను రాయితీతో దాచుకునే ఖాతా) 2,500. మిగిలిన 1,800 పోస్టర్లకు, మళ్లీ తిరిగి రాని డబ్బు అనుకుని ఖర్చుపెట్టండి. ఇందులో 300 పరికరాలకు, నిల్వకు పక్కన పెడితే 1,500తో రెండో మూడో మంచివి వస్తాయి. ముప్ఫై నాసిరకం వాటికన్నా ఇదే మేలు, అమ్మేటప్పుడు కూడా.

కొనే ముందు నకలేమో చూసుకోవడం చాలా ముఖ్యం. ప్రభుత్వం వేయించిన యుద్ధ పోస్టర్లు చాలావరకు ఎవరైనా తిరిగి అచ్చువేసుకోవచ్చు. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ సైట్‌లో పెద్ద సైజు స్కాన్‌లు ఉచితంగా దొరుకుతాయి. కాబట్టి కింద అంచున ‘అమెరికన్ లిథోగ్రాఫిక్ కంపెనీ’ అనో, ‘యూ.ఎస్. గవర్నమెంట్ ప్రింటింగ్ ఆఫీస్: 1943’ అనో ఉన్నంత మాత్రాన అసలుదని నమ్మొద్దు. స్కాన్‌లో ఆ అక్షరాలూ వస్తాయి.

పదింతలు పెద్దగా చూపే చిన్న భూతద్దం తీసుకోండి. మొదటి యుద్ధం నాటి రాతి లిథోగ్రాఫ్‌లలో (రాతిపలక మీద గీసి అచ్చువేసినవి) రంగు, క్రేయాన్‌తో రుద్దినట్టు గరుకుగా, క్రమం లేకుండా కనిపిస్తుంది. రెండో యుద్ధానికి ఆఫ్‌సెట్ అచ్చు వచ్చింది కాబట్టి గులాబీ ఆకారంలో వరుస తప్పని చుక్కల గుంపులు కనిపించడం సహజం. నకలులో ఇంక్‌జెట్ తుంపరలా సన్నటి చుక్కలుంటాయి. లేదా పాత చుక్కల మీద కొత్త చుక్కలు పడి అలల్లా మసక గీతలు తేలతాయి. అక్షరాల అంచులు కూడా చూడండి. అసలు పోస్టర్‌లో నల్ల అక్షరం ఒకే ముద్ద రంగు. స్కాన్ నకలులో అదే అక్షరం అంచు చుక్కలుగా విడిపోతుంది.

మడతలు పెద్ద సాక్ష్యం. రెండో యుద్ధం పోస్టర్లను మడిచి తపాలాలో పంపేవారు, కాబట్టి నిలువు, అడ్డ మడతలుంటే దిగులుపడక్కర్లేదు. లైటును పక్క నుంచి వేసి చూస్తే నిజమైన మడత గట్టులా లేస్తుంది, అక్కడ రంగు పగిలి తెల్ల కాగితం కనిపిస్తుంది, వెనకవైపూ అదే గీత ఉంటుంది. నకలులో మడత, మరక, చిరుగు అన్నీ బొమ్మలో భాగంగా అచ్చయి ఉంటాయి. వేలితో తడిమితే నున్నగా ఉంటుంది.

యూవీ టార్చి 15 డాలర్లకు దొరుకుతుంది. చీకట్లో వేసినప్పుడు కాగితం నీలంగా మెరిస్తే అందులో 1950ల నుంచి విరివిగా కలుపుతున్న తెల్లదనపు రసాయనం ఉన్నట్టు. మెరవకపోతే మాత్రం అసలుదని రుజువైనట్టు కాదు, ఆ రసాయనం లేని ఆర్ట్ పేపర్ ఇప్పటికీ వస్తోంది. లినెన్ మీద అతికించినదైతే వెనక గుడ్డ మెరుపును కాగితం మెరుపని పొరబడొద్దు.

టేపుతో కొలవడం మరవొద్దు. మొదటి యుద్ధం పోస్టర్లు 20×30, 30×40 అంగుళాలవి ఎక్కువ. రెండో యుద్ధానివి 20×28, 28×40. అర అంగుళం తక్కువ వస్తే చిరిగిన అంచు ఎవరో కత్తిరించి ఉండొచ్చు. అచ్చు వివరాలున్న కింది అంచు పోతే ధర బాగా పడిపోతుంది.

స్థితి గురించి డీలర్లు ఎ, బి, సి అని గ్రేడ్లు రాస్తారు. ఇవి ఎవరూ తనిఖీ చేసేవి కావు. ‘రిస్టోర్డ్’ అని ఉంటే ఎక్కడ రంగు పూశారో అడగండి. మంచి లినెన్ బ్యాకింగ్‌లో పోస్టర్‌కూ గుడ్డకూ మధ్య జపనీస్ కాగితం, గోధుమ పిండి జిగురు వాడతారు. తర్వాత నీటితో విడదీయొచ్చు. వేడితో ఫోమ్ బోర్డుకు అతికించినది, లామినేట్ చేసినది ఎంత చవకైనా ముట్టుకోవద్దు, తిరిగి తీయడం దాదాపు అసాధ్యం. రెండో యుద్ధం చిన్న పోస్టర్లకు లినెన్ వేయించడం దండగని నా ఉద్దేశం; వేయించే ఖర్చు చాలాసార్లు పోస్టర్ ధరకు దగ్గరగా వస్తుంది.

నిల్వకు ఆమ్లం లేని ఫోల్డరు, లేదా ఆర్కైవల్ పాలిస్టర్ తొడుగు. చుట్టకుండా పరిచి ఉంచాలి. అవి ఆమ్లగుణమున్న చెక్కగుజ్జు కాగితాలు. ఎండాకాలం టెక్సాస్ అటకమీద పెడితే కొన్నేళ్లలోనే పెళుసెక్కి పొడిపొడిగా విరుగుతాయి. గ్యారేజీ కూడా వద్దు. ఏసీ ఉండే గదిలో, తేమ 35–50 శాతం మధ్య ఉండేలా చూసుకోండి. ఫ్రేము కట్టిస్తే యూవీ ఆపే ఆక్రిలిక్, ఆమ్లం లేని మ్యాటు (ఫ్రేములో కాగితం చుట్టూ వచ్చే అట్ట) ఉండాలి, కాగితం ఆక్రిలిక్‌కు తగలకూడదు. యూవీ ఫిల్టరున్నా మామూలు వెలుతురుకు కూడా రంగులు వెలిసిపోతాయి కాబట్టి కిటికీ ఎదురు గోడ వద్దు. మూడు నాలుగు నెలలకోసారి మార్చి పెట్టండి.

ఇంటి బీమాలో ఇలాంటి వస్తువులకు విడిగా పరిమితి ఉంటుందేమో, వరద నష్టం వర్తిస్తుందో లేదో ఏజెంటును అడగండి. మామూలు పాలసీల్లో వరదకు రక్షణ ఉండదు. మీరు కొనబోయే రెండు మూడింటికి విడి పాలసీ అక్కర్లేదు కానీ, ముందువైపు, వెనకవైపు ఫొటోలు, కొలతలు, రసీదు ఒక ఫైల్లో పెట్టి ఇంటి బయట ఇంకో చోట కూడా ఉంచండి.

ఉచితంగా ఇస్తానన్న 1944 సిరీస్ ఈ బాండ్ మీకు డబ్బు కాదు. సేవింగ్స్ బాండ్ ఎవరి పేర నమోదైందో వాళ్లదీ, వాళ్ల వారసులదీ. చేతులు మారినంత మాత్రాన హక్కు మారదు. మీరు బ్యాంకుకు తీసుకెళ్లినా డబ్బివ్వరు. అప్పటి బాండ్లకు వడ్డీ 40 ఏళ్ల వరకే, అంటే 1984లోనే ఆగిపోయింది. ఆ కుటుంబానికి మాత్రం ట్రెజరీ ఇప్పటికీ చెల్లిస్తుంది. కాబట్టి ఆ కాగితం పేరు చెప్పి లాట్ ధర ఒక్క డాలరైనా పెంచితే ఒప్పుకోవద్దు.

డీలర్‌కు ఇలా రాయండి: ముప్ఫైలో మీకు నచ్చిన మూడింటిని విడిగా ఎంతకిస్తారో చెప్పమనండి. ఒక్కోదానికి నాలుగు ఫొటోలు అడగండి: వెనకవైపు, పక్క నుంచి లైటు వేసినది, కింది అంచు పక్కన స్కేలు పెట్టినది, చీకట్లో యూవీ కింద తీసినది. నకలని తేలితే పూర్తి డబ్బు వాపసిస్తామని ఇన్‌వాయిస్ మీదే రాసిమ్మనండి. విడిగా అమ్మనంటే, లేదా ఫొటోలు పంపడానికి తటపటాయిస్తే బేరం అక్కడితో వదిలేయండి. ఈ పోస్టర్లు మళ్లీ దొరకనివేమీ కావు.