మొక్కజొన్న తప్ప ఏముందన్నావుగా

తమ్ముడూ,

నీ కథ చదివాను. రూమ్మేట్లు గిన్నెలు కడిగే వంతు గురించి కొట్టుకునే సీను దగ్గర నవ్వాపుకోలేకపోయాను, ఆ డైలాగుల్లో ఒక్క ముక్క కూడా మార్చకు. కానీ నీ కుర్రాడు తలుపు తీసుకుని బయటికి అడుగు పెట్టాడంటే చాలు, నీ కలానికి నిద్ర ముంచుకొస్తోంది. "పచ్చని ప్రకృతి, పక్షుల కిలకిలారావాలు, చల్లని పిల్లగాలి" అని రాసి చేతులు దులిపేసుకున్నావు. ఆ మూడూ గోదావరి గట్టుకీ సరిపోతాయి, ఊటీకీ సరిపోతాయి, సబ్బు ప్రకటనకీ సరిపోతాయి. అయినా జూలైలో మీ ఇల్లినాయ్ బ్లూమింగ్టన్‌లో చల్లని పిల్లగాలి ఎక్కడిది నాయనా? సాయంత్రం ఏడింటికి కూడా చొక్కా వీపుకి అతుక్కుపోతుంది కదా. దానికి కారణాల్లో మీ ఊరి చుట్టూ ఉన్న మొక్కజొన్న కూడా ఒకటి. ఎకరం మొక్కజొన్న రోజుకి 3,000 నుంచి 4,000 గ్యాలన్ల నీటిని ఆకుల్లోంచి ఆవిరిగా గాల్లోకి వదులుతుంది, టీవీలో వాతావరణం చెప్పేవాళ్ళు దీనికి 'కార్న్ స్వెట్' అని పేరు కూడా పెట్టారు. "ఇక్కడ మొక్కజొన్న తప్ప రాయడానికేముందన్నా" అని అడిగావు చూడు, ఆ మొక్కజొన్నే నీ హీరో చొక్కా తడుపుతోంది.

ఇక పక్షుల సంగతి. ఏ పక్షి? ఎక్కడ కూర్చుంది? నీ కుర్రాడు ఉద్యోగం పోయాక ఆఫీసు పార్కింగ్ పక్కనున్న చెరువు చుట్టూ తిరుగుతుంటాడని రాశావు. అలాంటి వాననీటి చెరువుల ఒడ్డున జమ్ము పెరుగుతుంది. దాని మీద నల్లటి పిట్ట ఒకటి ఊగుతుంటుంది, భుజం మీద ఎర్రటి పట్టీ, దాని కింద సన్నటి పసుపు అంచు. రెడ్ వింగ్డ్ బ్లాక్‌బర్డ్ అంటారు. జూన్‌లో గూట్లో పిల్లలున్నప్పుడు దీని జోలికి పోకూడదు. గుప్పెడంత ఉంటుందా, మనిషి దగ్గరికొస్తే వెనక నుంచి వచ్చి నెత్తి మీద తన్నిపోతుంది. షికాగోలో మిషిగన్ లేక్ ఒడ్డున జాగింగ్ చేసేవాళ్ళలో దీనికి దడిచి టోపీ పెట్టుకుని పరిగెత్తేవాళ్ళున్నారు. దాని కళ్ళలోకి చూస్తూ నడిస్తే చాలావరకు ఊరుకుంటుంది, తల తిప్పావో వచ్చేస్తుంది. హెచ్‌ఆర్ వాళ్ళ ముందు నోరెత్తలేకపోయిన నీ కుర్రాడు ఆ గట్టు మీద ఈ పిట్టతో ఏం చేస్తాడు? పరిగెత్తుతాడా, నిలబడి తేరిపార చూస్తాడా? వాడు ఎలాంటివాడో అక్కడ తెలిసిపోతుంది, నువ్వు పేరా నిండా వాడి మనోవేదన వర్ణించక్కర్లేదు.

మిణుగురుల దగ్గర నాకు అసలు కోపమొచ్చింది. "మిణుగురులను చూడగానే నా బాల్యం కళ్ళముందు మెదిలింది" అట. అమెరికా వచ్చిన ప్రతి తెలుగువాడి బాల్యమూ మిణుగురుల్ని చూడగానే మెదులుతుంది, అందులో నీ వంతు ఏముంది? ముందు ఆ పురుగు ఏం చేస్తోందో చూడు, నీకేం గుర్తొచ్చిందో తర్వాత చూసుకుందాం. జూన్ నెలాఖరుకి మన వైపు ఎనిమిదిన్నరకి గానీ పొద్దుగూకదు. చీకటి పూర్తిగా పడకముందే గడ్డికి మూరెడు ఎత్తులో మొదలుపెడతాయి. మన పెరళ్ళలో ఎక్కువగా కనబడే రకంలో మగది ఎగురుతూ కొంచెం కిందికి జారి, పైకి లేస్తూ వెలుగుతుంది, గాల్లో ఇంగ్లీషు 'జె' గీసినట్టుంటుంది. ఐదారు సెకన్లకోసారి అలా గీస్తూ పోతుంది. ఆడది మాత్రం ఎగరకుండా గడ్డిపోచ పట్టుకుని కూర్చుంటుంది, నచ్చిందంటే రెండు సెకన్లు ఆగి ఒక్కసారి మెరుస్తుంది. వెలుగు వచ్చిన చోటు కాకుండా, దాని కింద గడ్డిలోకి చూస్తూ కూర్చో, దొరుకుతుంది. ఇంకో సంగతి కూడా చెప్తా. వేరే జాతి మిణుగురు ఒకటుంది, దాని ఆడది ఈ లెక్కనే దొంగిలించి అచ్చం అలాగే జవాబిస్తుంది, మగది ఆశగా దగ్గరికి రాగానే పట్టుకుని తినేస్తుంది. ఫేక్ కన్సల్టెన్సీల మీద కథ రాస్తానన్నావు కదా, ఇదిగో, అడక్కుండానే దొరికింది. కాకపోతే పోలిక నువ్వు చెప్పకు. ఆఫర్ లెటర్ వచ్చిన రాత్రి ఆ కుర్రాడిని పెరట్లో కూర్చోబెట్టు చాలు, చదివేవాళ్ళకి ఆ మాత్రం తెలివి ఉంటుంది.

ఊరి జ్ఞాపకాలు వద్దనడం లేదు. నిజంగా చుట్టరికం ఉన్నచోట రాయి, ఆ చుట్టరికం ఏమిటో తెలుసుకుని రాయి. రైలు పట్టాల పక్కన, రోడ్డు వారన మిల్క్‌వీడ్ పెరుగుతుంది, ఆకు తుంచితే చిక్కటి పాలు కారతాయి. అది మన జిల్లేడు కుటుంబంలోదే. రథసప్తమి పొద్దున జిల్లేడాకులు నెత్తిన పెట్టుకుని స్నానం చేసినవాడివి కదా, ఆ ఆకు దళసరితనం నీకు తెలుసు. మన ఊళ్ళో జిల్లేడు ఆకు తిని పెరిగే నారింజరంగు సీతాకోకచిలుకకీ, ఇక్కడ మిల్క్‌వీడ్ తిని పెరిగే మోనార్క్‌కీ కూడా దగ్గరి బంధుత్వమే. రెండూ ఆ చెట్టు విషాన్నే ఒంట్లో దాచుకుని పిట్టలు తమ జోలికి రాకుండా చూసుకుంటాయి. ఆకు కిందివైపు తిప్పి చూడు, గుండుసూది తలంత గుడ్డు ఒక్కటి అంటుకుని ఉంటుంది. వేసవి చివర పుట్టిన మోనార్క్‌లు ఇక్కణ్ణుంచి మెక్సికో దాకా ఎగిరిపోతాయి, పాస్‌పోర్టు స్టాంపింగ్ టెన్షన్ లేకుండా.

నీ కథలో నాకు నచ్చనిది ఇంకొకటుంది. అమ్మ ఇండియా నుంచి వచ్చి ఆరు నెలలూ సోఫాలో కూర్చుని సీరియళ్ళు చూసి వెళ్ళిపోతుంది. ఏ అమ్మ అలా కూర్చుంటుందిరా? షికాగో పక్కన మా నేపర్‌విల్‌లో మే నెల వచ్చిందంటే చీర కింద స్పోర్ట్స్ షూ వేసుకుని, పైన కొడుకు పాత జాకెట్ తొడుక్కుని, ఇద్దరు ముగ్గురు కలిసి వాకింగ్‌కి బయల్దేరతారు. మనం పదేళ్ళుగా తొక్కుకుంటూ పోయిన కాలిబాట పగుళ్ళలో పాయలకూర ఉందని కనిపెట్టేది వాళ్ళే. మీ వరంగల్ వైపు గంగవాయిలి అంటారు, అదే. వంగి, ఎర్రటి కాడ పట్టుకుని, బొటనవేలితో టక్కున విరిచి చూస్తారు. కాడ దళసరిగా ఉండి నీళ్ళు ఊరితే కూర. పక్కనే నేలకి పరుచుకుని అచ్చం అలాంటిదే ఇంకోటి ఉంటుంది, సన్నటి కాడ, విరిస్తే పాలొస్తాయి, అది తినేది కాదు. ఈ విరిచి చూడటం మీ అమ్మ చేతికి వచ్చు, నీకు రాదు. ఆవిణ్ణి ఒకసారి బయటికి తీసుకెళ్ళి వెనకాల నడువు. "ఇక్కడ మందు కొడతారమ్మా, కోయకు" అని నువ్వు, "ఇంత కూర వదిలేసి షాపులో కట్ట మూడు డాలర్లు పోస్తారు" అని ఆవిడ. చివరికి ఎవరింటి పెరట్లో మందు కొట్టరో ఆవిడే వాకబు చేసి, ఆ ఇంటావిడతో వచ్చీరాని ఇంగ్లీషులో స్నేహం కలిపి, సంచి నింపుకొస్తుంది. రాత్రికి పప్పు. నీ కథలో లేని కథ ఇదే.

పొలాల గురించి రాసేటప్పుడు ఒక్క జాగ్రత్త. హైవే పక్కన కనబడే మొక్కజొన్న చాలావరకు పశువుల దాణాకీ ఇథనాల్‌కీ పోయేదే. నీ హీరో కారాపి ఓ పొత్తు విరుచుకుని తిన్నాడని రాశావు, వాడి పళ్ళకి దణ్ణం. తినే స్వీట్ కార్న్ జూలై మధ్య నుంచి వస్తుంది, రైతులు రోడ్డు పక్కన బల్ల మీద పోసి, డబ్బులకి ఓ డబ్బా పెట్టి వెళ్ళిపోతారు, చాలాచోట్ల మనిషి ఉండడు. "జూలై నాలుగుకి మోకాలెత్తు" అని ఇక్కడివాళ్ళ పాత సామెత. ఇప్పటి రకాలు ఆ తేదీకి మోకాలు దాటి చాలా పైకి పోతాయి. నమ్మకం లేకపోతే వెళ్ళి పక్కన నిలబడి నీకెక్కడిదాకా వచ్చిందో చూసుకో, అదే రాసుకో. ఫోన్‌లో తేదీ వేసుకుని రెండు ముక్కలు చాలు. 'అందంగా', 'హాయిగా' లాంటివి ఆ నోట్స్‌లో కనబడితే నేనే డిలీట్ చేస్తాను.

2024 లో నువ్విక్కడ లేవు. పదమూడేళ్ళకోసారి వచ్చే సికాడాలూ (చెట్లెక్కి చెవులు పగిలేలా రొద చేసే పురుగులు), పదిహేడేళ్ళకోసారి వచ్చే సికాడాలూ మన ఇల్లినాయ్‌లో కలిసి ఒకే వేసవిలో నేలలోంచి బయటికొచ్చాయి, ఆ రెండు గుంపులూ అలా కలిసిరావడం 1803 తర్వాత అదే మొదలు. చెట్ల కింద ఫోన్ మాట్లాడటం కూడా కష్టమైపోయింది. మన వైపు పదిహేడేళ్ళవి మళ్ళీ 2041 లో వస్తాయి, అప్పుడు రాద్దువుగాని. గ్రీన్‌కార్డు లైనుతో మాత్రం పోల్చకు, ఆ జోకు ఇప్పటికే అందరూ వాడేశారు.

ఆగస్టులోపు తిరగరాసి పంపు. రూమ్మేట్ల సీను అలాగే ఉంచి, బయటి సీన్లన్నీ కొట్టేసి, చెరువు గట్టు ఒక్కటీ మళ్ళీ రాస్తే చాలు. అన్నట్టు నెలలో మొదటి మంగళవారం పొద్దున పదింటికి టోర్నడో సైరన్ మోగితే కంగారుపడకు, అది టెస్టు. వేరే ఎప్పుడు మోగినా ఈ ఉత్తరంలో చెప్పిందంతా మర్చిపో. ఆకాశం ఏ రంగులో ఉందో చూద్దామని బాల్కనీలో నిలబడకు, కింది అంతస్తు వాళ్ళ బాత్రూమ్‌లోకి దూరు, రూమ్మేట్లని కూడా లాక్కుపో.

ఉంటాను,
అన్న